సోఫా లేని గది

వార్డులో ఉన్న నర్సులందరికీ నెలరోజుల డ్యూటీ చార్టు టీ చల్లారేలోపు వేసిపారేసే మనిషి, నలుగురంటే నలుగురిని ఓడలో రెండు గదుల్లో సర్దలేక తల పట్టుకు కూర్చుంది. ఆ నలుగురూ పరాయివాళ్ళయినా బాగుండేది. సొంత మొగుడు, కన్న పిల్లలు ఇద్దరు, నాలుగోది తనే. ఆస్పత్రి అంతా హెడ్ సిస్టర్ అని పిలిచే ఆవిడకి ఇంతకన్నా నామోషీ ఏముంటుంది?

భోజనాల బల్ల మీద ల్యాప్‌టాప్ తెరిచి ఉంది. తెర మీద ఓడని నిలువునా కోసి చూపించినట్టు అంతస్తులు, అంతస్తుల్లో వరసగా గదులు. పచ్చగా ఉన్నవి ఖాళీ, ఎర్రగా ఉన్నవి ఎవరో తీసేసుకున్నవి. నిన్నటికీ ఇవాళ్టికీ ఎరుపు బాగా పాకింది. ఊళ్ళో జనానికి వేరే పనీ పాటా లేదా, అందరూ ఈ ఓడే ఎక్కి చావాలా అని ఆవిడకి ఒళ్ళు మండింది.

చిక్కంతా ఓడ కంపెనీవాళ్ళు పెట్టిన నిబంధన దగ్గర వచ్చింది. ఇరవై ఒక్క ఏళ్ళు నిండనివాళ్ళు గదిలో తమంతట తాము ఉండకూడదు, ప్రతి గదిలోనూ పెద్దవాళ్ళలో ఒకరి పేరు ఉండి తీరాలి. మధ్యలో తలుపున్న జంట గదులు తీసుకుంటే మాత్రం పిల్లలు ఒకదాంట్లో, తల్లిదండ్రులు ఒకదాంట్లో ఉండొచ్చు. పెద్దదానికి ఇరవై, చిన్నాడికి పదహారు.

“నేను ఓటేస్తాను, బండి నడుపుతాను. ఓడలో నా అంతట నేను పడుకోవడానికి మాత్రం పనికిరానా?” అని పెద్దది నిబంధన చదివిన రోజే ఒంటికాలి మీద లేచింది. ఆ నిబంధన తనే రాసినట్టు తల్లి సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

అసలు ఈ ఓడ ప్రయాణం ఎందుకు పుట్టిందో ఇంట్లో ఆవిడకి ఒక్కదానికే తెలుసు. కాలేజీ అయిపోయింది కనక నా కోసమే అని పెద్దది అనుకుంటోంది. పరీక్షలకి తెగ చదివాను కనక నా కోసమే అని చిన్నాడు అనుకుంటున్నాడు. పాపం, ఆవిడకి సముద్రమంటే సరదా కాబోలని మొగుడు అనుకుంటున్నాడు. సముద్రమూ లేదు, సరదా లేదు. ఓడలో హాలు ఉండదు. హాలు లేకపోతే హాల్లో సోఫా ఉండదు. అదీ సంగతి.

ఆ సోఫాకి ఓ కథ ఉంది. ఆవిడ వేళాపాళా లేని డ్యూటీలు చేసే రోజుల్లో, ఎప్పుడో వచ్చి ఎప్పుడో వెళ్ళిపోయేది. దొరికిన ఆ కాస్త నిద్రా తన గురకతో పాడవకూడదని మొగుడు దిండు, దుప్పటి చంకన పెట్టుకుని హాల్లో సోఫా మీదకి మారాడు. ఎవరైనా మెచ్చుకోవాల్సిన మంచితనమే. ఆ తరవాత ఆవిడ హెడ్ సిస్టర్ అయింది, రాత్రి డ్యూటీలు పోయాయి, అందరిలాగా పొద్దున వెళ్ళి సాయంత్రం ఇంటికి రావడం మొదలైంది. సోఫా మీది దిండు మాత్రం సోఫా మీదే ఉండిపోయింది. ఆయన రాలేదు, ఆవిడ పిలవలేదు. ఏమని పిలుస్తుంది? ఎదిగిన పిల్లలు పక్క గదుల్లో ఉండగా హాల్లోకి వచ్చి మొగుణ్ణి చెయ్యి పట్టుకుని లాక్కెళ్తుందా? ఆయనకై ఆయనకే రావాలని ఉంటే వస్తాడు కదా అని ఎదురు చూసింది. ఎదురు చూసీ చూసీ, రావాలని లేదేమో అన్న చోట ఆగిపోయింది. అది ఎవరికీ చెప్పుకునే బాధ కాదు.

అందుకే ఓడ వెతికింది. గదుల లెక్క వచ్చినప్పుడు ఆయన నోటంట “మనిద్దరం ఒక గది” అన్న ఒక్క మాట రావాలి. తను అడిగి అనిపించుకుని కాదు, ఆయనంతట ఆయన అనాలి. ఆ మాట కోసం ఓడెక్కడానికి కూడా సిద్ధపడిన మనిషి, పడవ ఊగితేనే వాంతి చేసుకునే రకం.

ఆదివారం పొద్దున అందరినీ బల్ల చుట్టూ కూర్చోబెట్టింది. వార్డులో ఆవిడకి ఒక పద్ధతి ఉంది. ఎవరికేం కావాలో ఆవిడ ఎప్పుడూ అడగదు, ఎవరికేది కుదరదో అడుగుతుంది. ఏం కావాలని అడిగితే అందరికీ ఆదివారమే కావాలి, పండగే కావాలి. ఏది కుదరదని అడిగితే నిజాలు బయటికొస్తాయి, కుదరనివి కొట్టేస్తే మిగిలిందే చార్టు. ఏళ్ళ తరబడి ఈ పద్ధతిలో ఒక్కసారి కూడా బోల్తా పడలేదు. కొన్నాళ్ళకి ఆ పద్ధతి ఆస్పత్రి దాటి ఇంటికీ వచ్చేసింది. వంటకైనా, బట్టలకైనా, సెలవులకైనా ఆ ఇంట్లో ప్రశ్న ఒక్కటే.

“ఊఁ, ఒక్కొక్కరే చెప్పండి. ఎవరికేది కుదరదు?”

“తమ్ముడితో ఒక గదిలో నాకు కుదరదు,” అంది పెద్దది, ఫోన్లోంచి తలెత్తకుండానే. “వీడు స్నానం చేసొస్తే బాత్రూమ్ చెరువే. తడి తువ్వాలు నా పక్క మీదే పారేస్తాడు. చచ్చినా కుదరదు.”

“అక్కతో నాకూ కుదరదు,” అన్నాడు చిన్నాడు. “పొద్దున్నే ఆ జుట్టు ఆరబెట్టుకునే మిషను వేసిందంటే నా చెవులు పోతాయి. అలాగని నాన్నతోనూ కుదరదు. నాన్న హాల్లో గురక పెడితే నా గదిలో కిటికీ అద్దాలు ఊగుతున్నాయి. ఒకే గదంటే ఇంకేమన్నా ఉందా, నేను డెక్కు మీద కుర్చీలో పడుకోవాలి.”

“గురకతో నాకూ కుదరదు, ముందే చెప్తున్నా,” అంది పెద్దది.

“పోనీ నాతో?” అంది తల్లి.

“నీతోనూ కష్టమేనమ్మా,” అన్నాడు చిన్నాడు. “చీకటితోనే లేచి దుప్పట్లు మడత పెట్టేస్తావు, మేం అందులో ఉన్నా సరే.”

మొగుడు కడుపుబ్బా నవ్వాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. వారమంతా లిఫ్టు గోతుల్లో, ఇనుప తాళ్ళ మధ్య గడిపి, ఆదివారం వస్తే పళ్ళెం నిండా పెట్టుకుని తాపీగా తినే మనిషి. ఇంట్లో ఎవరెంత కొట్టుకున్నా ఆయన నిమ్మకు నీరెత్తినట్టు ఉంటాడు.

“నవ్వడం కాదు. మీకేది కుదరదో చెప్పండి,” అంది.

“నాకేముంది? నాకెక్కడైనా ఒకటే,” అన్నాడు. “దీనికింత మీటింగ్ ఎందుకు? మగాళ్ళం ఓ గదిలో, ఆడాళ్ళు ఓ గదిలో. ఒరేయ్, చెవుల్లో పెట్టుకోవడానికి నీకు దూది నేను కొనిస్తాలే.”

ఎక్కడైనా ఒకటేనట. ఇరవై ఏళ్ళకి పైగా కాపురం చేసిన మొగుడికి తన పక్కనా, కొడుకు పక్కనా, లిఫ్టు గోతిలోనా, అన్నీ ఒకటే. కోపాన్ని దిగమింగి తెర మీద వేలు పెట్టింది.

“జంట గదులు ఒక్క జత మిగిలింది. మధ్యలో తలుపుంటుంది. పిల్లలిద్దరూ ఓ గదిలో ఉంటే...” అక్కడ ఆగింది. మనిద్దరం ఇంకో గదిలో అన్న ముక్క గొంతు దాటి రాలేదు. ఆ ముక్క ఆయన అందుకోవాలని కళ్ళలోకి చూసింది.

“అమ్మా! ఇప్పుడే కదా చెప్పాను!” అని పెద్దది అరిచింది. “మేం ఒకే గదా?” అని చిన్నాడు అంతకన్నా గట్టిగా అరిచాడు.

“ఎందుకులే,” అన్నాడు మొగుడు, నోట్లో ముద్ద నములుతూ. “వీళ్ళు కొట్టుకు చస్తారు. నీకూ నిద్ర ఉండదు.”

“నా నిద్ర సంగతి మిమ్మల్ని ఎవరడిగారు?”

“అది కాదే...”

“ఏది కాదు?”

ఏది కాదో ఆయనకీ తెలియలేదు. పళ్ళెం తీసుకుని వంటింట్లోకి పోయాడు. కుదరనివన్నీ కొట్టేస్తే ఏమీ మిగలని చార్టు ఆవిడ మొట్టమొదటిసారి చూసింది. తనకేది కుదరదో తను చెప్పలేదు. తనని ఎవరూ అడగనూ లేదు.

మర్నాడు వార్డులో ఆవిడ జోలికి ఎవరూ పోలేదు. మంచాల మీద దుప్పట్ల ముడతలు మొదలుకుని కిటికీ రెక్కల మీద దుమ్ము దాకా అన్నింటికీ తిట్లు పడ్డాయి. కొత్తగా చేరిన నర్సు ఒకతె మాత్రం, ఆ గాలివాటం తెలియక, టేబుల్ దగ్గరికొచ్చి నిలబడింది.

“శుక్రవారం నాకు ఆఫ్ ఇస్తారా మేడమ్?”

“ఏం, శుక్రవారం నీకు కుదరదా?”

“కుదరకపోవడం ఏం లేదు మేడమ్. ఊరికే, ఆ రోజు ఇంట్లో ఉండాలనుంది.”

“ఉండాలనుంటే చార్టు మారదు,” అని ముఖం మీదే చెప్పేసింది. ఆ పిల్ల మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది.

ఇంకాసేపటికి ట్రావెల్ ఏజెంటు ఫోన్ చేసింది. “మేడమ్, మీకోసం ఆపి ఉంచిన జంట గదుల్ని ఇంకో కుటుంబం అడుగుతోంది. భోజనాల వేళలోపు మీ మాట కావాలి. ఉంచమంటారా, వదిలేయమంటారా?”

ఉంచండి అనొచ్చు. ఒక్క ముక్క. పిల్లలు రెండు రోజులు ఏడ్చి ఊరుకుంటారు. కానీ అలా తీసుకుంటే ఆ గది తను సర్దినదే అవుతుంది, ఆయన అడిగినది కాదు. ఒక్కసారి, చివరిసారి, ఆయనకే అవకాశం ఇద్దామనుకుంది. ఫోన్ చేసింది. లిఫ్టు గోతిలో సిగ్నల్ ఉండదు. మళ్ళీ చేసింది. మందుల గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరేసుకుని మళ్ళీ చేసింది. ఎప్పటికో ఆయనే తిరిగి చేశాడు, వెనక సుత్తి చప్పుడు వినిపిస్తోంది.

“ఏమైంది? ఎవరికైనా ఒంట్లో బాగాలేదా?”

“అందరూ బాగానే ఉన్నారు. ఆ జంట గదులు... తీసుకోమంటారా, వద్దంటారా?”

“అబ్బ, దానికా ఇన్నిసార్లు! కంగారుపడి పైకెక్కి వచ్చాను. నిన్న చెప్పాగా, మగాళ్ళు ఓ పక్క, ఆడాళ్ళు ఓ పక్క. నువ్వు హాయిగా పడుకుంటావు. ఎందుకు నీకీ తలనొప్పి?”

ఆవిడ ఫోన్ పెట్టేసింది. అదే ఊపులో ఏజెంటుకి చేసి, “వదిలేయండి,” అంది. అన్న మరుక్షణమే నాలుక కరుచుకుంది. ఎవరి మీద కోపం ఎవరి మీద చూపించినట్టు? పోయింది తన గదే. మళ్ళీ చేసి అడుగుదామంటే అభిమానం అడ్డొచ్చింది. మందుల గదిలో అలా నిలబడి, సీసాల మీద పేర్లు చదువుతూ, ఏ పేరూ బుర్రకెక్కక, ఎవరో తలుపు కొట్టేదాకా ఉండిపోయింది.

సాయంత్రం నలుగురూ ఏజెంటు దుకాణానికి వెళ్ళారు. కళ్ళద్దాల షాపుకీ తాళాలు చేసేవాడి కొట్టుకీ మధ్య ఇరుకు గది అది. అద్దాల వెనక తెల్ల ఓడ బొమ్మ ఒకటి, దాని పొగ గొట్టం మీద దుమ్ము. ఏజెంటు నడివయసు మనిషి, మెడలో కళ్ళజోడు వేలాడుతూ ఉంటుంది, ఎంత చెడ్డ వార్తయినా తియ్యగా చెప్తుంది. మొగుడు పని నుంచి నేరుగా వచ్చాడు. గోళ్ళలో గ్రీజు నల్లగా ఉంది, చేతిరుమాలుతో తుడుచుకుంటున్నాడు.

“జంట గదులు మధ్యాహ్నమే వెళ్ళిపోయాయి మేడమ్,” అంది ఏజెంటు. “మీరే కదా వదిలేయమన్నారు.”

ముగ్గురూ ఆవిడ వైపు తిరిగారు.

“నువ్వే వదిలేయమన్నావా?” అంది పెద్దది. “మరి నిన్న పొద్దున మా బుర్రలెందుకు తిన్నావమ్మా?”

“నీకు వద్దుగా! నీ కోరికే తీరిందిగా! ఇంకెందుకు ఆరా?”

“నేనేమన్నానని ఇప్పుడు...” అని పెద్దది తెల్లబోయింది.

ఏజెంటు గబగబా కంప్యూటర్ తెర వాళ్ళ వైపు తిప్పింది. “ఇప్పుడు రెండు దారులున్నాయండీ. విడివిడిగా రెండు చిన్న గదులు ఉన్నాయి, ఒకటి కింది అంతస్తులో, ఒకటి దానికి రెండంతస్తుల పైన. పెద్దవాళ్ళు చెరో గదిలో ఉండాలి మరి, లేకపోతే నిబంధన ఒప్పుకోదు. అలా కాదంటే ఈ ఫ్యామిలీ గది చూడండి, ఒక్కటే మిగిలింది. నలుగురూ కలిసి ఉండొచ్చు. డబుల్ మంచం, పైకప్పులోంచి దిగే బెర్తు ఒకటి, ఇదిగో,” అని కొత్త పెళ్ళికొడుకుని చూపించినంత మురిపెంగా చూపించింది, “చక్కటి సోఫా కూడా ఉంది. లాగితే పడకవుతుంది.”

“సోఫా ఉందా?” అని మొగుడు కుర్చీలో ముందుకు జరిగాడు. రెండు రోజుల్లో మొదటిసారి ఆయన ముఖంలో ఉత్సాహం కనబడింది. “ముందే చెప్పొద్దూ! ఆ సోఫా నాకిచ్చేయండి. మంచం మీద వాళ్ళమ్మా, అమ్మాయీ పడుకుంటారు. పైబెర్తు వాడికి. అయిపోయింది, ఎవరికీ ఏ గొడవా లేదు.”

ఇరుక్కున్న లిఫ్టుని ఒక్క దెబ్బతో కదిలించినవాడిలా వెనక్కి వాలాడు.

“సోఫా!” అంది ఆవిడ.

ఆ గొంతు విని చిన్నాడు సెల్‌ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“సోఫా, సోఫా, సోఫా! సముద్రం మధ్యలోకి పోయినా మీకు సోఫాయే కావాలా? అసలీ ఓడ నేనెందుకు వెతికానో తెలుసా మీకు? నాకేం ఓడల పిచ్చి పట్టిందా? ఓడలో హాలుండదని వెతికాను. సోఫా ఉండదని వెతికాను. ఇంట్లో ఎలాగూ లేదు, ఒక్క వారం రోజులైనా నా మొగుడు నా గదిలో పడుకుంటాడని వెతికాను! చాలా? తెలిసిందా ఇప్పుడు?”

చిన్నాడి చెవులు ఎర్రగా కందిపోయాయి. పెద్దది ఫోన్ బోర్లా పెట్టేసి తల్లినే చూస్తోంది. ఏజెంటు లేచి, “టీ చెప్పొస్తానండీ,” అని ఎవరి ముఖమూ చూడకుండా వెనక తలుపులోంచి జారుకుంది. మొగుడు చేతిరుమాలు రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

పరువు పోయింది. కన్నపిల్లల ముందు, పరాయి మనిషి ఏజెంటు ముందు, గుట్టంతా రట్టు చేసుకుంది. ఆవిడ బ్యాగు లాక్కుని బయటికి నడిచింది. తాళాలవాడి కొట్టు ముందు నిలబడింది, ఎటు పోవాలో తెలియలేదు. తాళాలవాడు పని ఆపి ఏం కావాలన్నట్టు చూశాడు. ఏమీ వద్దని తల ఊపి ముందుకు కదిలింది.

వెనక నుంచి అడుగుల చప్పుడు. మొగుడే.

“కొంచెం ఆగు,” అన్నాడు.

“మాట్లాడకండి నాతో.”

మాట్లాడకుండా పక్కనే నడిచాడు. సందు మలుపు దగ్గర ఎవరో షట్టరు దించుతుంటే ఆ చప్పుడు అయ్యేదాకా ఇద్దరూ ఆగారు.

“నేను వచ్చానే,” అన్నాడాయన.

“ఎక్కడికి?”

“గదిలోకి. నీ రాత్రి డ్యూటీలు అయిపోయిన వారమే వచ్చాను. నువ్వు వంటింట్లో ఉన్నావు. దిండు పట్టుకుని వచ్చి చూస్తే, నా పక్కంతా ఇస్త్రీ బట్టలు పేర్చి ఉన్నాయి. సరే, రేపు తీస్తావులే అనుకున్నా. మర్నాడు చూస్తే బట్టలున్నాయి, వాటి పక్కన నీ ఆస్పత్రి పుస్తకాలు కూడా చేరాయి. ఇంకోరోజు చూశాను. వాడి పాత స్కూలు బ్యాగులు.” ఆయన గొంతు సవరించుకున్నాడు. “పోనీలే, ఇన్నాళ్ళకి మంచమంతా దానిదయింది, హాయిగా పడుకుంటోంది, మళ్ళీ వెళ్ళి చోటు అడగడం ఎందుకని ఊరుకున్నాను.”

ఆవిడ నడక ఆగిపోయింది.

“ఖాళీగా ఉందని పెట్టానండీ అవి! మీరు రావడంలేదు కదా అని పెట్టాను!”

“అవి ఉన్నాయనే నేను రాలేదు.”

“ఒక్క మాట అనొచ్చు కదా! బట్టలు తియ్యవే అంటే నోటి ముత్యాలు రాలిపోతాయా?”

“నువ్వూ అనొచ్చు కదా.”

ఆ మాటతో ఆవిడకి కోపం ఇంకా ఎక్కువైంది. ఆయన మీద కోపం, తన మీద కోపం, ఆ దిక్కుమాలిన ఇస్త్రీ బట్టల మీద అంతకన్నా కోపం. ఎవరో బలవంతంగా విడదీస్తే వాళ్ళనైనా తిట్టుకోవచ్చు. ఇక్కడ తిట్టుకోవడానికి మడత పెట్టిన చొక్కాలు తప్ప ఎవరూ లేరు. ఎన్నేళ్ళు! కళ్ళు తుడుచుకోవడానికి చెయ్యెత్తితే ఆయన చేతిరుమాలు అందించాడు. గ్రీజు వాసన వస్తోంది. విసుక్కుంటూనే తుడుచుకుంది.

పిల్లలు వెనక నుంచి పరుగెత్తుకొచ్చారు. పెద్దది ఆయాసపడుతూ ఆగింది.

“రెండు చిన్న గదులూ తీసేసుకున్నాం. కాగితం మీద నేనూ నువ్వూ ఒక గది, నాన్నా వీడూ ఒక గది. ఓడెక్కాక తాళాలు మార్చేసుకుంటాం. మీ ఇద్దరికీ కింది గది. వీణ్ణి నేను భరిస్తాను, ఏం చేస్తాం.”

“ఏజెంటు ఒప్పుకుందా?” అంది తల్లి.

“తాళాల సంగతి ఆవిడ వినలేదమ్మా. టీ చెప్పడానికి వెళ్ళి ఇంకా రాకముందే మాట్లాడుకున్నాం, వచ్చాక గదులు మాత్రం రాయించాం.”

“రోజూ బాత్రూమ్ తుడుస్తానని నా చేత ఒట్టు వేయించుకుంది,” అన్నాడు చిన్నాడు. తల్లి ముఖం వైపు చూడలేక తండ్రి చెప్పుల వైపు చూస్తూ అన్నాడు. “పైగా రెండంతస్తుల దూరం. నాన్న గురక అంతదూరం రాదులే.”

ఎవరూ నవ్వలేదు. అయినా అన్నందుకు వాడికి కొంచెం ధైర్యం వచ్చినట్టుంది, అక్కతో కలిసి ముందు నడిచాడు.

ఇంటికి రాగానే ఆవిడ కాళ్ళు కూడా కడుక్కోకుండా పడకగదిలోకి వెళ్ళి లైటు వేసింది. రోజూ చూసే మంచమే. ఇవాళ దాన్ని కొత్తగా చూసింది. గోడవైపు తను పడుకునే చోటు ఒక్కటే పక్కలా ఉంది. మిగతాదంతా సామాన్ల కొట్టు. యూనిఫారాలు, పాత డ్యూటీ పుస్తకాలు, ఒక్క చక్రం ఊడిన సూట్‌కేసు, ఎవరికి కొన్నదో గుర్తులేని ఊలు శాలువా, చిన్నాడికి ఎప్పుడో పొట్టయిపోయిన చొక్కాలు. రాత్రి పక్కకి తిరిగితే చెయ్యి తగిలేది ఇవే. ఇన్నాళ్ళూ వీటికి పక్క ఇచ్చి, మొగుణ్ణి బయట పడుకోబెట్టింది.

చొక్కాలు తీసి నేల మీదకి విసిరింది. తరవాత పుస్తకాలు. ఆ చప్పుడుకి ఆయన గుమ్మంలోకి వచ్చాడు. చంకలో దిండు ఉంది.

“అలా నిలబడి చూడకపోతే ఓ చెయ్యి వేయొచ్చుగా,” అంది.

దిండు కుర్చీలో పెట్టి సూట్‌కేసు దించాడు. ఇద్దరూ కలిసి మోశారు. హాల్లోంచి పిల్లలు వంతులేసుకుని తొంగి చూసి వెళ్ళారు. అన్నీ గోడవారకి చేరాక పరుపు బయటపడింది. ఒక పక్క గుంట పడి ఉంది, రెండో పక్క కొన్ననాటి లాగే బిర్రుగా ఉంది. ఉతికిన దుప్పటి పరిచి, నాలుగు మూలలూ ఆస్పత్రి మంచానికి దోపినట్టు గట్టిగా దోపింది.

“వంటయ్యేదాకా కాస్త నడుం వాలుస్తాను,” అన్నాడాయన. ఆ మాట అనడానికి కొత్త అల్లుడిలా సిగ్గుపడ్డాడు. దిండు వేసుకుని పడుకున్నాడు.

వంటింట్లోకి వెళ్ళబోతూ ఆవిడ వెనక్కి చూసింది. మంచం అంచున, ఇంకొక్క అంగుళం జరిగితే కింద పడేలా, పక్కకి తిరిగి పడుకున్నాడు. మోకాళ్ళు మడిచి పొట్టకి ఆనించుకున్నాడు. ఒక చెయ్యి ఒంటికింద దోపుకున్నాడు, రెండోది కిందికి వేలాడకుండా తొడ మీద పెట్టుకున్నాడు. అంత పొడుగు మనిషి, సోఫా ఎంత వెడల్పో అంతలోనే సర్దుకున్నాడు. ఆయన వెనక మంచమంతా ఖాళీగా ఉంది.

ఆవిడ గుమ్మంలోంచి తిరిగొచ్చి మంచం మీద కూర్చుంది.

“ఇటు జరగండి,” అంది.

“చాల్లే. నాకిది చాలు,” అన్నాడు, కళ్ళు మూసుకునే.

“ఏం చాలు? పడిపోతారు. ఇటు జరగండి.”

“పడను. నాకలవాటే.”

ఇక ఆవిడకి ఏడుపు ఆగలేదు. చొక్కా వీపు దగ్గర గుప్పెటతో పట్టుకుని తన వైపు లాగింది. ఆయన ఓ బెత్తెడు జరిగి, అక్కడే ఆగిపోయాడు. మళ్ళీ లాగింది. ఇంకొంచెం జరిగి, మోకాళ్ళు మళ్ళీ ముడుచుకున్నాడు. ఇది ఒక్కరోజులో అయ్యేది కాదని అర్థమై, ఆవిడే అటు జరిగి, ఆయన వీపు వెనకాల, అంచు దగ్గరే పడుకుంది.